గణిత బోధన, అభ్యసనంపై పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

గణిత ఉపాధ్యాయులు, బీఎడ్, ఎంఎడ్ విద్యార్థులు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవారు, పిల్లల చదువు గురించి పట్టింపు ఉన్న తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## రంగాన్ని పరిచయం చేసుకునేటప్పుడు

ఇది గణితంలో పరిశోధనా, విద్యాశాస్త్రంలో పరిశోధనా?

రెండింటి సరిహద్దులో ఎదిగిన స్వతంత్ర రంగం ఇది. కొత్త సిద్ధాంతాలను నిరూపించడం దీని పని కాదు. ఒక గణిత భావన మనిషి మనసులో ఎలా రూపుదిద్దుకుంటుంది, ఎక్కడ తడబడుతుంది, బోధన వల్ల ఏ మేరకు మారుతుంది అన్నవి దీని ప్రశ్నలు. అందుకు మనస్తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రం, భాషాశాస్త్రం నుంచి పద్ధతులు తెచ్చుకుంటుంది. అయితే గణితం బాగా తెలియకుండా ఈ పని చేయడం కష్టం. భిన్నాల భాగహారంలో చిక్కు ఎక్కడుందో తనకే తెలియని పరిశోధకుడు ఆ చిక్కులో పడిన పిల్లను ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించుకోలేడు.

ఈ రంగం ఎప్పటి నుంచి ఉంది?

గణిత బోధనకు అంకితమైన అంతర్జాతీయ పత్రిక ఒకటి 1899లోనే స్విట్జర్లాండ్ కేంద్రంగా మొదలైంది. 1908లో రోమ్‌లో జరిగిన గణిత మహాసభలో అంతర్జాతీయ గణిత బోధనా సంఘం ఏర్పడింది, జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దానికి తొలి అధ్యక్షుడు. పరిశోధన రంగంగా ఇది నిలదొక్కుకున్నది మాత్రం 1960ల చివర్లో. డచ్ గణితవేత్త హాన్స్ ఫ్రాయిడెన్‌తాల్ చొరవతో 1968లో ఒక పరిశోధన పత్రిక వచ్చింది, 1969లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి అంతర్జాతీయ గణిత విద్యా మహాసభ జరిగింది. 1976లో కార్ల్స్‌రూహెలో జరిగిన మూడో మహాసభలో గణిత విద్య మనస్తత్వశాస్త్రానికి ప్రత్యేక బృందం పుట్టింది. పదిహేనో మహాసభ 2024లో సిడ్నీలో జరిగింది.

పదేళ్లకొక కొత్త ధోరణి వస్తుంటే దేన్ని నమ్మాలి?

ఈ ప్రశ్న వెనుక ఉన్న విసుగు న్యాయమైనదే. 1957లో స్పుట్నిక్ ప్రయోగం తర్వాత అమెరికాలోనూ, అనేక ఇతర దేశాల్లోనూ ‘నవీన గణితం’ పేరుతో సమితులు, గణిత నిర్మాణాలు వంటి అమూర్త భావనలు చిన్న తరగతుల్లోకి వచ్చాయి. కొద్ది కాలానికే అందులో చాలా భాగం వెనక్కి పోయింది. 1980లలో పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారన్న నిర్మాణవాదం ముందుకొచ్చింది. ఆ తర్వాత పరిశోధకుల దృష్టి ఒంటరిగా కూర్చున్న పిల్ల నుంచి తరగతి గదిలోని సంభాషణ మీదికి మళ్లింది. 2000లో స్టీఫెన్ లెర్మన్ దీన్ని ‘సామాజిక మలుపు’ అన్నాడు. గణితం ఎవరికి అందుతోంది, ఎవరిని బయట నిలబెడుతోంది అని అడిగే ‘సామాజిక రాజకీయ మలుపు’ గురించి 2013లో రోషెల్ గుటియరెజ్ రాసింది.

అయితే కొత్త దృష్టి వచ్చినప్పుడల్లా పాత ఫలితాలు చెల్లకుండా పోలేదు. సమాన గుర్తును పిల్లలు ఎలా అపార్థం చేసుకుంటారో చెప్పిన పరిశోధన నిర్మాణవాది చదివినా, సామాజికవాది చదివినా అంతే నిజం. మారుతున్నది ప్రధానంగా అడిగే ప్రశ్న. ఇన్నేళ్ల పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే మార్పు కూడా ప్రశ్నలో వచ్చినదే: ‘ఎంతమంది సరిగా చేశారు’ అన్న లెక్క దగ్గర ఆగకుండా, ‘ఈ పిల్లకు ఈ జవాబు సరైనదిగా ఎందుకు తోచింది’ అని అడగడం.

## పరిశోధన ఫలితాలను చదివేటప్పుడు

మార్కులు బాగానే వస్తున్నా పిల్లలకు అర్థం కాలేదని పరిశోధకులు ఎలా చెప్పగలరు?

పక్కన కూర్చుని, జవాబు ఎలా వచ్చిందో చెప్పించుకుని. దీనికి అందరూ ఉదహరించే అధ్యయనం 1973లో స్టాన్లీ ఎర్ల్వాంగర్ ప్రచురించినది. అందులో బెన్నీ అని పేరు మార్చి చెప్పిన పన్నెండేళ్ల పిల్లవాడు ఆరో తరగతి చదువుతున్నాడు. ఎవరి వేగంలో వారు వర్క్‌షీట్లు పూర్తి చేసుకుంటూ పోయే పద్ధతిలో అతడు చకచకా ముందుకు వెళ్తున్నాడు, గణితంలో మంచి విద్యార్థి అని ఉపాధ్యాయురాలి నమ్మకం. ఎర్ల్వాంగర్ అతన్ని కూర్చోబెట్టి అడిగితే, 2/10ని దశాంశంగా రాస్తే 1.2 అని, 5/10 అయితే 1.5 అని చెప్పాడు. లవాన్నీ హారాన్నీ కూడి, వచ్చిన మొత్తంలో తనకు తోచిన చోట చుక్క పెట్టడం అతని సూత్రం. అందువల్ల 11/4కూ 4/11కూ అతని దగ్గర ఒకే జవాబు వచ్చింది, 1.5. ఆ రెండూ ఒకటి ఎలా అవుతాయన్న అనుమానమే అతనికి రాలేదు. గణితమంటే ఎవరో పెట్టిన నియమాల గుట్ట అని, ముందే తయారుగా ఉన్న జవాబుల పట్టికతో సరిపోయేదాకా ప్రయత్నించడమే పని అని అతను నిర్ధారణకు వచ్చేశాడు.

ఇందులో బెన్నీ తెలివితక్కువతనం ఎక్కడా లేదు. తనకు అందిన సమాచారంతో నియమాలు కనిపెట్టి, వాటిని నిలకడగా వాడాడు. మూడేళ్ల తర్వాత, 1976లో, రిచర్డ్ స్కెంప్ రెండు రకాల అవగాహనను వేరు చేసి చూపాడు. ఏం చేయాలో మాత్రమే తెలిసి ఉండడం ఒకటి, ఏం చేయాలో ఎందుకు చేయాలో రెండూ తెలిసి ఉండడం మరొకటి. మొదటి రకం అవగాహనతో కూడా పరీక్షలో పూర్తి మార్కులు రావచ్చు. ఆ లోటు బయటపడేది ప్రశ్న రూపం కాస్త మారినప్పుడే.

సమాన గుర్తు మీద కూడా ఇన్ని పరిశోధనలు అవసరమా?

అవసరమే, ఎందుకంటే బీజగణితంలో పిల్లలు కూలబడడానికి బీజం చాలాసార్లు ఇక్కడే పడుతుంది. ‘8 + 4 = □ + 5’ అని రాసి పెట్టెలో ఏ సంఖ్య రావాలో అడగండి. అమెరికాలో ఫాక్నర్, లెవీ, కార్పెంటర్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలు 145 మందిలో ఒక్కరు కూడా 7 అని రాయలేదు. ఎక్కువమంది 12 అన్నారు, కొందరు కనిపించిన సంఖ్యలన్నీ కలిపేసి 17 అన్నారు. వారి దృష్టిలో ఆ గుర్తుకు అర్థం ‘ఇక్కడ జవాబు రాయి’ అనే తప్ప ‘రెండు వైపుల విలువ ఒకటే’ అని కాదు. ‘3 + 4 =’ అన్న రూపంలోనే వందలాది లెక్కలు చేసిన పిల్లలకు అలా తోచడం సహజం. చైనా ఆరో తరగతి పిల్లల్లో దాదాపు అందరూ ఇలాంటి ప్రశ్నలకు సరిగా జవాబిచ్చారని 2008లో వచ్చిన ఒక పోలిక చూపింది. అక్కడి పాఠ్యపుస్తకాలు సమాన గుర్తును ఎక్కువ–తక్కువ గుర్తులతో కలిపి, పోలికగా పరిచయం చేస్తాయి. కనుక లోపం వయసుది కాదు, మనం ఇచ్చే లెక్కల రూపానిది.

రాత లెక్క ఇవ్వగానే చదవకుండా అంకెలు కలిపేస్తారెందుకు?

చదవక కాదు, తరగతి గది మర్యాద తెలిసి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతంలో 97 మంది చిన్న పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: ‘పడవలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ వారిలో 76 మంది ఆ సంఖ్యలతో ఏదో లెక్క చేసి వయసు చెప్పేశారు. ఫ్రెంచ్ పరిశోధకుడు గీ బ్రూసో ప్రతిపాదించిన ‘బోధనా ఒప్పందం’ అన్న భావన దీన్ని చక్కగా వివరిస్తుంది. ఉపాధ్యాయుడు ఇచ్చిన ప్రశ్నకు జవాబు తప్పక ఉంటుంది, ఇచ్చిన సంఖ్యలన్నీ వాడాలి, జవాబు లేదనడం తప్పు అన్న షరతులు ఎవరూ నోటితో చెప్పకుండానే పిల్లలకు ఒంటబడతాయి. ఆ అలిఖిత ఒప్పందాన్ని వారు నిజాయితీగా పాటిస్తున్నారు. అప్పుడప్పుడు సమాచారం చాలని లెక్కలు, అనవసర సంఖ్యలున్న లెక్కలు ఇస్తే ఆ ఒప్పందం సడలుతుంది.

బడిలో లెక్కలు రాని పిల్లలు అమ్మకాల దగ్గర తప్పు లేకుండా ఎలా చేస్తారు?

ఈ ప్రశ్నను పరిశోధనగా మార్చినవారు బ్రెజిల్‌లోని రెసిఫేలో పనిచేసిన తెరెజినా నూనెస్, డేవిడ్ కెరహర్, అనలూసియా ష్లీమన్. 1985లో ప్రచురితమైన వారి అధ్యయనంలో పాల్గొన్నది వీధిలో సరుకులు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు అయిదుగురే. కొనుగోలుదారుల్లా వెళ్లి అడిగిన లెక్కల్లో వారు 98.2 శాతం సరిగా చెప్పారు. అవే సంఖ్యలను కాగితం మీద వట్టి లెక్కలుగా ఇస్తే ఆ సంఖ్య 36.8 శాతానికి పడిపోయింది.

ఒక పన్నెండేళ్ల పిల్లవాడి ఉదాహరణ చూడండి. ఒక్కొక్కటి 35 చొప్పున నాలుగు కొబ్బరికాయల ధర అడిగితే, ‘మూడైతే 105, దానికి 30 కలిపితే 135... మొత్తం 140’ అన్నాడు. తర్వాత 35ను 4తో గుణించమని కాగితం ఇచ్చారు. నాలుగు అయిదులు ఇరవై, రెండు పైకి పెట్టి, ఆ రెండును ముందే మూడుకు కలిపి అయిదు చేసి, నాలుగు అయిదులు మళ్లీ ఇరవై అనుకుని 200 అని రాశాడు. నోటితో చేసినప్పుడు 35 అన్నది అతనికి ఒక పరిమాణం. కాగితం మీద అది విడివిడిగా 3, 5. ఈ తేడాలోనే ఆ పిల్లవాడి కథంతా ఉంది.

కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలతో చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అది దీనికి మరో పార్శ్వాన్ని కూడా చూపింది: మార్కెట్ పిల్లలకు బడి లెక్కలు కష్టమైనట్టే, మార్కెట్ పని తెలియని బడి పిల్లలకు మార్కెట్ లెక్కలు కష్టమయ్యాయి. ఒక చోట వచ్చిన నైపుణ్యం మరో చోటికి దానంతట అది రాదు, వంతెన ఎవరో ఒకరు కట్టాలి.

భిన్నాల గురించి అంత ఆందోళన ఎందుకు?

పది, పన్నెండేళ్ల మధ్య వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చో చూస్తే హైస్కూల్ గణితం ఎలా ఉంటుందో చాలావరకు అంచనా వేయవచ్చు. రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అమెరికా, బ్రిటన్ దేశాల దీర్ఘకాల సమాచారంతో ఈ సంగతి చూపింది. తెలివితేటల పరీక్షల ఫలితాలు, తల్లిదండ్రుల చదువు, ఆదాయం వంటివి లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ సంబంధం నిలిచింది.

ఆడపిల్లలకు లెక్కలు తక్కువ వస్తాయన్నది నిజమేనా?

కాదు. జానెట్ హైడ్ బృందం 2008లో అమెరికాలో 70 లక్షలకు పైగా విద్యార్థుల పరీక్ష ఫలితాలను పరిశీలించినప్పుడు, రెండో తరగతి నుంచి పదకొండో తరగతి దాకా సగటు తేడా దాదాపు సున్నా.

లెక్కలంటే భయం నిజంగా మార్కులను తగ్గిస్తుందా, లేక మార్కులు రాక భయం వస్తుందా?

రెండు దిశల్లోనూ ఆధారాలున్నాయి. మార్క్ ఆష్‌క్రాఫ్ట్ ప్రయోగాలు మొదటి దిశను స్పష్టంగా చూపాయి: లెక్క చేస్తున్న క్షణంలో మనసులో పట్టి ఉంచుకోవలసిన సంఖ్యలకు దక్కాల్సిన చోటును ఆందోళన ఆక్రమిస్తుంది. అందుకే పైకి పెట్టే అంకెలు ఎక్కువగా ఉండే లెక్కల్లో భయస్తుల నష్టం ఎక్కువ. తల్లిదండ్రులు గమనించవలసిన ఫలితం ఒకటుంది. లెక్కలంటే తామే భయపడే తల్లిదండ్రులు ఇంట్లో తరచూ హోంవర్కులో సాయం చేసినప్పుడు, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకున్నారని, భయం కూడా పెరిగిందని 2015లో ఎరిన్ మలోనీ బృందం తెలిపింది. సాయం మానేయమని దీని అర్థం కాదు. ‘నాకూ లెక్కలు రావు’ అన్న మాటను సాయంతో పాటు అందించకుండా ఉంటే చాలు.

## తరగతి గదిలోకి తెచ్చుకునేటప్పుడు

ముందే వివరించి చెప్పాలా, పిల్లలనే కనుక్కోనివ్వాలా?

ఈ రంగంలో అన్నిటికన్నా పాత తగాదా ఇదే. వివరించి చెప్పాలన్న పక్షానికి గట్టి ఆధారాలున్నాయి. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ చేసిన బీజగణిత ప్రయోగాల్లో, సొంతంగా సమస్యలు సాధించినవారికన్నా చేసి చూపిన లెక్కలను చదివినవారు అలాంటి లెక్కలను తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. కొత్తవారికి అన్నీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం భారమవుతుంది, చేసి చూపిన లెక్క ఆ భారాన్ని తగ్గిస్తుంది. అయితే విషయం వచ్చేసిన విద్యార్థికి అదే సాయం అడ్డంకిగా మారుతుందని కూడా ఆ వర్గం పరిశోధకులే చూపారు.

మరోవైపు మను కపూర్ 2008 నుంచి ‘ఫలవంతమైన వైఫల్యం’ గురించి రాస్తున్నాడు. ముందు ఒక కష్టమైన సమస్యను పిల్లలకు వదిలి, వారు తమకు తోచిన మార్గాలు పట్టి విఫలమయ్యాక, ఆ ప్రయత్నాలనే ఆధారం చేసుకుని పాఠం చెప్పడం ఈ పద్ధతి. 2021లో తన్మయ్ సిన్హాతో కలిసి 53 అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, భావన అవగాహనలో ఈ క్రమానికి మెరుగైన ఫలితమే వచ్చింది, కానీ చిన్న తరగతుల్లో ఆ లాభం కనిపించలేదు.

ఈ రెండింటినీ జాగ్రత్తగా చదివితే, వివరణ అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. కపూర్ పద్ధతిలోనూ పాఠం ఉంది, కాకపోతే అది సమస్య ఇచ్చాక వస్తుంది, అంతే. తేడా అంతా వరుసలోనూ, విద్యార్థికి ముందే ఎంత వచ్చో అన్నదానిలోనూ ఉంది. పిల్లలను ఏ ఆసరా లేకుండా వదిలేసి ‘కనుక్కుంటారులే’ అనుకునే పద్ధతికి మాత్రం ఏ పక్షం నుంచీ సమర్థన లేదు.

హోంవర్కులో ఒకే రకం లెక్కలు ఇవ్వాలా, కలగలిపి ఇవ్వాలా?

కలగలిపి ఇవ్వండి. డగ్ రోరర్ బృందం 2020లో 54 ఏడో తరగతి సెక్షన్లలో చేసిన ప్రయోగంలో, అవే లెక్కలను కలగలిపి చేసినవారికి నెల తర్వాత పెట్టిన పరీక్షలో 61 శాతం, ఒకే రకం వరుసగా చేసినవారికి 38 శాతం వచ్చాయి. ఒకే రకం లెక్కలు వరుసగా ఉంటే ఏ పద్ధతి వాడాలన్న ఆలోచనే అవసరం ఉండదు, పరీక్షలో కావలసింది సరిగ్గా ఆ ఆలోచనే. కలగలిపి చేసేటప్పుడు పిల్లలు నెమ్మదిస్తారు, ఎక్కువ తప్పులు చేస్తారు. దాన్ని చూసి పద్ధతి మార్చేయకండి.

ప్రాథమిక తరగతులకు చెప్పే టీచరుకు ఎంత గణితం వస్తే సరిపోతుంది?

పెద్ద గణితం ఎంత చదివారన్నది కాదు, చెప్పే గణితం ఎంత లోతుగా తెలుసన్నది ముఖ్యం. 1986లో లీ షుల్మన్, విషయ జ్ఞానానికీ బోధనా నైపుణ్యానికీ మధ్య, ఆ విషయాన్ని బోధించడానికే ప్రత్యేకమైన జ్ఞానం ఒకటి ఉందని వాదించాడు. డెబోరా బాల్, ఆమె సహచరులు గణితంలో దాన్ని కొలిచే ప్రశ్నపత్రాలు తయారుచేశారు.

లిపింగ్ మా 1999లో ప్రచురించిన పోలిక ఈ సంగతిని కళ్లకు కట్టింది. అమెరికాలో 23 మందిని, చైనాలో 72 మందిని ఆమె ఒకటీ ముప్పావును అరతో భాగించమని, దానికి తగిన కథ చెప్పమని అడిగింది. చైనా ఉపాధ్యాయులందరూ లెక్క సరిగా చేశారు, వారిలో దాదాపు 90 శాతం మంది సరైన కథ చెప్పారు. అమెరికా ఉపాధ్యాయుల్లో సగం మంది కూడా లెక్క పూర్తి చేయలేదు, కథ దగ్గర దాదాపు అందరూ తడబడ్డారు. ఎక్కువగా కనిపించిన తప్పు ఏమిటంటే, ఉన్నదాన్ని ఇద్దరికి సమంగా పంచే కథ చెప్పడం. అది రెండుతో భాగించడం అవుతుంది, అరతో భాగించడం కాదు. ‘ఒకటీ ముప్పావు మీటర్ల గుడ్డలో అర మీటరు ముక్కలు ఎన్ని వస్తాయి’ అన్నది సరైన కథ, జవాబు మూడున్నర. చైనా ఉపాధ్యాయులు చదివిన ఏళ్లు అమెరికా వారికన్నా తక్కువే. తోటి ఉపాధ్యాయులతో కలిసి పాఠ్యపుస్తకాన్ని లోతుగా చదువుకునే అలవాటే వారిని నిలబెట్టింది.

పిల్లల ఇంటి భాషలో గణితం మాట్లాడితే ఇంగ్లిష్ పదాలు రాకుండా పోతాయా?

ఈ భయాన్ని పరిశోధన సమర్థించదు. జిల్ ఆడ్లర్ దక్షిణాఫ్రికా బహుభాషా తరగతుల్లో చేసిన పని ఉపాధ్యాయుల ఇరకాటాన్ని సానుభూతితో వివరించింది. ఇంటి భాషలో ఆలోచన స్వేచ్ఛగా సాగుతుంది, పరీక్ష భాష కూడా అందాలి, పదాల మీదే దృష్టి పెడితే గణితం జారిపోతుంది. మొదట పిల్లలు తమ మాటల్లో వాదించుకోవడం, తర్వాత అదే వాదనను లాంఛన భాషలో చెప్పడం అన్న ప్రయాణంలో ఇంటి భాష మెట్టుగా పనికొస్తుంది.

కృత్రిమ మేధ చాట్‌బాట్‌తో లెక్కలు సాధన చేయనివ్వవచ్చా?

ఎలాంటి చాట్‌బాట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో చేసి 2025లో ప్రచురించిన ప్రయోగంలో, మామూలు చాట్‌బాట్ ఉన్నవారి సాధన ఫలితం 48 శాతం మెరుగుపడింది. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, మొదటి నుంచీ అది లేనివారికన్నా 17 శాతం తగ్గింది. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన రెండో రకం చాట్‌బాట్‌తో ఆ నష్టం దాదాపు లేకుండా పోయింది. సాధనలో వచ్చిన సరైన జవాబులు నేర్చుకున్నదానికి గుర్తు కావన్న పాత సత్యం ఇక్కడ మళ్లీ రుజువైంది.

## సొంత పరిశోధన మొదలుపెట్టేటప్పుడు

సర్వే చేయాలా, ఇంటర్వ్యూలు చేయాలా, ప్రయోగం చేయాలా?

ముందు ప్రశ్న, తర్వాత పద్ధతి. పిల్ల ఎలా ఆలోచిస్తోందో తెలియాలంటే మనస్తత్వవేత్త పియాజే నుంచి వస్తున్న క్లినికల్ ఇంటర్వ్యూకు, అంటే పిల్ల చెప్పే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న అడుగుతూ పోయే పద్ధతికి, సాటి లేదు. ఒక పాఠాన్ని వాడుతూ, సరిచేస్తూ అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే 1990ల నుంచి బలపడిన రూపకల్పన ప్రయోగం సరిపోతుంది. పనిచేస్తుందా లేదా అన్నది తేల్చాలంటే లాటరీ పద్ధతిలో బృందాలను విడదీసే ప్రయోగం కావాలి. చాలా సిద్ధాంత వ్యాసాల్లో కనిపించే ‘వైఖరి ప్రశ్నావళి’ ఈ మూడింటిలో దేనికీ జవాబివ్వదు. ప్రశ్నావళి నింపించడం తేలిక కాబట్టి అంశాన్ని దానికి తగ్గట్టు ఎంచుకోవద్దని కొత్తవారిని గట్టిగా కోరతాను.

పెద్ద ప్రయోగాల్లో ప్రభావం అంత తక్కువగా ఎందుకు వస్తుంది?

యూగ్ లోర్తీ–ఫోర్గ్, మాథ్యూ ఇంగ్లిస్ 2019లో బ్రిటన్, అమెరికాల్లో జరిగిన 141 పెద్ద ప్రయోగాలను పరిశీలిస్తే, సగటు ప్రభావం ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) 0.06 వంతు మాత్రమే. పాల్గొన్న విద్యార్థులు పన్నెండు లక్షలకు పైనే. పునాది పరిశోధన బలహీనంగా ఉండడం, మంచి పద్ధతి పెద్ద ఎత్తున అమలయ్యే దారిలో పలచబడడం, ప్రయోగం తీరే సూక్ష్మమైన తేడాను పట్టలేకపోవడం అని మూడు కారణాలను వారు చర్చించారు. పరిశోధకుడే తయారుచేసిన చిన్న పరీక్షలో వచ్చిన పెద్ద ప్రభావాన్ని, స్వతంత్ర పరీక్షలో వచ్చిన చిన్న ప్రభావంతో పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

ఎవరో చేసిన అధ్యయనాన్నే నేను మళ్లీ చేస్తే దానికి విలువ ఉంటుందా?

చాలా ఉంటుంది. వంద విద్యా పత్రికలను పరిశీలించిన మేకల్, ప్లకర్ 2014లో తెలిపినదాని ప్రకారం, వాటిలో వచ్చిన వ్యాసాల్లో పునరావృత అధ్యయనాలు 0.13 శాతమే. ‘8 + 4 = □ + 5’ ప్రశ్నను మీ తరగతులకు ఇచ్చి, తప్పు రాసిన ప్రతి పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎలా చేశావమ్మా, చెప్పు’ అని అడిగి, వారి మాటలను ఉన్నదున్నట్టు రాసిపెట్టండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పేర్లు మార్చండి, సరైన జవాబు రాసిన కొందరిని కూడా అదే ప్రశ్న అడగండి, ఎందుకంటే తప్పుడు దారిలో సరైన జవాబుకు చేరినవారు అక్కడే దొరుకుతారు. మీ ఫలితం పాత అధ్యయనంతో కలవకపోతే దాన్ని దాచకండి. పాఠ్యపుస్తకంలో ఆ గుర్తు ఏయే రూపాల్లో కనిపిస్తుందో పేజీ పేజీ లెక్కపెట్టి, ఆ పట్టికను పిల్లల మాటల పక్కన పెట్టండి.